టెలీహెల్త్: దూరం నుంచి చేయగల వైద్యం, చేయకూడని వైద్యం, ఇక మీదట రాబోయేది

చిన్న క్లినిక్‌లో వీడియో కన్సల్టేషన్లు మొదలుపెడదామనుకుంటున్నారు. కరోనా తర్వాత వచ్చిన ఈ ఊపు నిలుస్తుందా, ఏ జబ్బులకు వాడొచ్చు, ఎక్కడ దెబ్బతింటాం అన్నది మీ ప్రశ్న. సూటిగా చెప్పాలంటే నిలుస్తుంది. అయితే రోగి దగ్గర్నుంచి వచ్చిన సమాచారాన్ని ఎవరు చూస్తారు, ఎన్ని గంటల్లో చూస్తారు, చూసి ఏం చేస్తారు అని ముందే రాసిపెట్టుకున్న చోటే నిలుస్తుంది. ఆ ఏర్పాటు లేకపోతే ఎంత మంచి యాప్ కొన్నా ఏడాది తిరిగేసరికి మూలన పడుతుంది.

చరిత్ర కూడా ఇదే చెబుతోంది. 1905లోనే నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో, ఈసీజీ యంత్రాన్ని రూపొందించిన విల్లెమ్ ఐంథోవెన్ ఆసుపత్రిలో ఉన్న రోగి ఈసీజీని టెలిఫోను తీగ మీద కిలోమీటరున్నర దూరంలోని తన ప్రయోగశాలకు రప్పించుకున్నారు. 1959లో అమెరికాలోని నెబ్రాస్కాలో మానసిక వైద్యులు క్లోజ్డ్ సర్క్యూట్ టీవీ ద్వారా చికిత్స నడిపారు. 1968లో బోస్టన్‌లోని లోగన్ విమానాశ్రయానికీ మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌కీ మధ్య టీవీ లింకు పెట్టి, విమానాశ్రయంలో నర్సు దగ్గరున్న రోగిని ఆసుపత్రిలోని డాక్టరు చూశారు. వీటి స్ఫూర్తితో వచ్చిన ప్రాజెక్టుల్లో చాలావరకు గ్రాంటు డబ్బు అయిపోగానే ఆగిపోయాయి. పరికరాలు పనిచేయక కాదు. రోజువారీ ఓపీకి అదనంగా నెత్తిన పడ్డ పని కాబట్టి, ఆ పనికి జీతమిచ్చేవాళ్లు లేరు కాబట్టి. 2020లో మారింది కూడా టెక్నాలజీ కాదు, అనుమతులూ చెల్లింపులూ. ఆ వసంతంలో అమాంతం పెరిగిన కాల్స్ క్లినిక్‌లు తెరుచుకున్నాక బాగా తగ్గాయి, కానీ పాత స్థాయికి మాత్రం పడిపోలేదు. అన్నిటికంటే ఎక్కువగా నిలిచింది మానసిక వైద్యం. అక్కడ మాటే పరీక్ష, మాటే మందు, చెయ్యి పెట్టి చూడాల్సింది తక్కువ.

ఏర్పాటు ఉంటే ఎలా ఉంటుంది, లేకపోతే ఎలా ఉంటుంది అన్నది గుండె వైఫల్యం (గుండె రక్తాన్ని సరిగా పంప్ చేయలేని స్థితి) మీద జరిగిన రెండు పెద్ద అధ్యయనాల్లో స్పష్టంగా కనిపిస్తుంది. 2010లో అమెరికాలో వెలువడిన టెలీ హెచ్‌ఎఫ్‌లో 1,653 మంది రోగులు. వాళ్లు రోజూ ఒక ఆటోమేటిక్ ఫోన్ లైనుకు కాల్ చేసి బరువు, లక్షణాలు బటన్లు నొక్కి చెప్పాలి. ఆరు నెలల్లో తిరిగి ఆసుపత్రిలో చేరడం లేదా మరణించడం వీళ్లలో 52.3 శాతం, మామూలు వైద్యం పొందినవారిలో 51.5 శాతం. లాభం సున్నా. కొంతమంది రోగులు ఆ లైనుకు ఒక్కసారి కూడా కాల్ చేయలేదు. 2018లో జర్మనీలో వచ్చిన టిమ్ హెచ్‌ఎఫ్ 2లో బరువు, బీపీ, ఈసీజీ, ఆక్సిజన్ రోజూ ఒక కేంద్రానికి చేరేవి. ఆ కేంద్రంలో డాక్టర్లు, నర్సులు 24 గంటలూ ఉండేవారు, తేడా కనిపిస్తే వెంటనే రోగికి ఫోన్ చేసి మందు మార్చేవారు. అక్కడ ఏ కారణంతోనైనా సంభవించిన మరణాలు ఏడాదికి ప్రతి వంద మందిలో 11.34 నుంచి 7.86కు తగ్గాయి. జబ్బు ఒకటే, దూరం నుంచి గమనించడమూ ఒకటే. రెండో దాంట్లో అవతలి వైపు మనిషి ఉన్నాడు.

అందుకే రిమోట్ మానిటరింగ్ కిట్లు (రోగి ఇంటి నుంచి కొలతలు పంపే పరికరాలు) కొనేముందు ఈ లెక్క వేసుకోండి. 200 మంది రోజుకు రెండేసి రీడింగులు పంపితే 400 రీడింగులు. వాటిలో 5 శాతం హద్దు దాటాయనుకున్నా రోజుకు 20 అలారాలు. ఒక్కోదానికి ఫోన్ చేసి, మళ్లీ కొలిపించి, నోట్ రాయడానికి పది నిమిషాలు పట్టినా మూడు గంటల పైమాటే. ఆ మూడు గంటలు ఎవరివో పేరు రాసిపెట్టకపోతే రెండు వారాల్లో అలారాలు చూడకుండా నొక్కిపారేయడం అలవాటవుతుంది. ఆ తర్వాత నిజమైన అలారం కూడా వాటితోనే కొట్టుకుపోతుంది. హద్దులు అందరికీ ఒకేలా పెట్టకండి. సీఓపీడీ (దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) రోగికి మామూలుగానే రక్తంలో ఆక్సిజన్ 90 శాతం దగ్గర ఉంటే 94 కిందికి పడగానే మోగే అలారం రోజంతా మోగుతూనే ఉంటుంది. రాత్రివేళ, సెలవు రోజున వచ్చే రీడింగులను ఎవరూ చూడరంటే ఆ మాట రోగికి చెప్పి, రాతపూర్వకంగా కూడా ఇవ్వాలి. తన అంకెలను ఎవరో కనిపెట్టుకుని ఉన్నారన్న ధీమాతో రోగి ఇంట్లోనే ఉండిపోవడం అసలు మానిటరింగే లేకపోవడం కంటే ప్రమాదం.

ఇంట్లో తీసే కొలతల్లో తప్పు ఎక్కడ దొర్లుతుందో కూడా చెప్పాలి, ఎందుకంటే మందు మార్చేది ఆ అంకెను చూసే. బీపీకి చేతి పైభాగానికి చుట్టే మెషీన్ వాడమనండి, మణికట్టుది వద్దు. ఐఎస్‌ఓ 81060-2 ప్రమాణం ప్రకారం పరీక్షించిన మోడలేనా అని చూడండి. పట్టీలో గాలి నిండే సంచి చేతి పైభాగం చుట్టుకొలతలో 80 శాతం దాకా చుట్టుకోవాలి. పట్టీ చిన్నదైతే బీపీ ఎక్కువగా చూపిస్తుంది, లావుగా ఉన్నవాళ్లకు అనవసరంగా మందు పెరిగేది ఇక్కడే. మూత్రం పోసుకొచ్చి, వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనేలా కూర్చుని, అయిదు నిమిషాలు మాట్లాడకుండా ఉండాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి, కిందికి వేలాడితే అంకె పెరుగుతుంది. నిమిషం ఎడంతో రెండుసార్లు, ఉదయం మందు వేసుకోకముందు, మళ్లీ సాయంత్రం, ఇలా వరసగా ఏడు రోజులు. మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు తీయండి. ఇంట్లో తీసిన సగటుకు హద్దు 135/85, క్లినిక్‌లో వాడే 140/90 కాదు. మొదటిసారి మాత్రం వీడియోలో రోగి మీ కళ్ల ముందే కొలవాలి. మీరు మాట్లాడకుండా చూస్తూ ఉంటే చాలు, పట్టీ చొక్కా మీద చుట్టడం, కాలు మీద కాలు వేసుకోవడం, కొలుస్తూ కబుర్లు చెప్పడం అన్నీ బయటపడతాయి.

వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే పల్స్ ఆక్సీమీటర్ విషయంలో మరింత జాగ్రత్త కావాలి. చల్లబడ్డ వేళ్లు, గోళ్ల రంగు, వణుకు రీడింగును చెడగొడతాయి. చెయ్యి వెచ్చబరచుకుని, వేలు కదపకుండా, అంకె నిలకడగా అయ్యేదాకా చూడాలి. పెట్టీ పెట్టగానే కనిపించింది రాసుకోకూడదు. అమెరికాలో మందులు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ చెప్పినట్టు, అనుమతి పొందిన మంచి మెషీన్ 90 చూపిస్తే అసలు విలువ 86 నుంచి 94 మధ్య ఉండొచ్చు. చర్మం రంగు ముదురుగా ఉన్నవారిలో ఉన్నదానికంటే ఎక్కువగా చూపించే లోపం కూడా ఉంది. 2020లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ అనే వైద్య పత్రికలో వచ్చిన విశ్లేషణలో మెషీన్ పట్టుకోలేని ఆక్సిజన్ లోటు తెల్లవారి కంటే నల్లజాతి రోగుల్లో సుమారు మూడు రెట్లు ఎక్కువగా కనిపించింది. కాబట్టి ఒక్క అంకెను చూసి ధైర్యం చెప్పకండి. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఎంత, నాలుగడుగులు వేస్తే ఎంత పడుతోంది, మాట్లాడుతుంటే ఆయాసపడుతున్నారా అన్నవి కలిపి చూడాలి. గుండె వైఫల్యం రోగి బరువుకైతే నియమం ఒకటే: నిద్ర లేచి మూత్రం పోశాక, ఏమీ తినకముందు, అదే తూకం మీద, తూకం గట్టి నేల మీద. ఒక్క రోజులో కిలో పైన, లేదా వారంలో రెండు కిలోల పైన పెరిగితే అదే రోజు ఫోన్ చేయాలి.

ఇప్పుడు వీడియో కాల్ సంగతి. మొదటి నిమిషంలో అడగాల్సినవి తప్పించకుండా అడగండి. పేరు, పుట్టిన తేదీ, లైను తెగితే చేయాల్సిన ఫోన్ నంబరు, ఇప్పుడు సరిగ్గా ఎక్కడున్నారు, గదిలో పక్కన ఎవరున్నారు, ఈ పద్ధతిలో చూడటానికి సమ్మతమేనా. వీటిలో అందరూ వదిలేసేది ‘ఎక్కడున్నారు’ అన్నది. రికార్డులో ఉన్న చిరునామా పనికిరాదు, రోగి ప్రయాణంలో ఉండొచ్చు, కూతురింట్లో ఉండొచ్చు. కాల్ మధ్యలో స్పృహ తప్పితే మీరు మీ ఫోన్ నుంచి అత్యవసర నంబరుకు చేస్తే అది మీ ప్రాంతపు కేంద్రానికి వెళ్తుంది, రోగి ఉన్న ప్రాంతానికి కాదు. రోగి ఉన్న చోటి అంబులెన్స్ కేంద్రం నేరు నంబరు కాల్ మొదలవకముందే చేతిలో ఉండాలి. లైను తెగితే మళ్లీ చేసేది ఎవరో కూడా ముందే చెప్పేయండి. ఇద్దరూ ఒకేసారి ప్రయత్నిస్తే రెండు వైపులా బిజీ వస్తుంది. డాక్టరే చేస్తారు, రెండు నిమిషాల్లో వీడియో కలవకపోతే మామూలు ఫోన్ చేస్తారు అని పెట్టుకోవడం మేలు.

సాంకేతికంగా తరచూ ఇబ్బంది పెట్టేవి చిన్నవే. మెసేజ్‌లో వచ్చిన లింకు నొక్కితే అది ఆ మెసేజింగ్ యాప్ లోపలి బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది, అక్కడ చాలాసార్లు కెమెరా, మైకు పనిచేయవు. లింకును క్రోమ్‌లోనో సఫారీలోనో తెరవమని మెసేజ్‌లోనే రాయండి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు పక్కగదిలో ఉన్న వేరే ఫోన్‌కు కలిసి ఉండటం ఇంకొకటి. రెండు వైపులా ఒక్కో ఎంబీపీఎస్ నిలకడగా ఉంటే కాల్ నడుస్తుంది. వేగం పడిపోతే ముందు బొమ్మ నాణ్యత తగ్గించండి, ధ్వని పోగొట్టుకోకండి. బొమ్మ మసకబారినా జబ్బు చరిత్ర అడిగి తెలుసుకోవచ్చు, మాట ముక్కలైతే మందు పేరే తప్పు వినిపిస్తుంది. ఫోన్ చేత్తో పట్టుకోకుండా దేనికైనా ఆనించమనండి, వెలుతురు వెనక నుంచి కాకుండా ముఖం మీద పడాలి. పచ్చకామెర్లు, పాలిపోవడం, పెదాలు నీలబడటం చూడాలంటే పసుపు బల్బు కింద కుదరదు, పగటి వెలుగు కావాలి. అప్పటికీ రంగు గురించి వీడియో చెప్పేది సగమే.

దూరం నుంచి శరీర పరీక్ష అసాధ్యం అనేవాళ్లున్నారు. అది పూర్తిగా నిజం కాదు. ఛాతీ కనిపించేలా కెమెరా పెట్టించి, మాట్లాడనివ్వకుండా నిండా అరవై సెకన్లు ఊపిరి లెక్కపెట్టండి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే చిన్న తప్పు నాలుగింతలవుతుంది. ఒక్క ఊపిరిలో ఎంతవరకు అంకెలు చదవగలరో చూసి ఆక్సిజన్ అంచనా వేసే పద్ధతి ఒకటి కరోనా కాలంలో ప్రచారమైంది, దాన్ని నమ్మడానికి తగిన రుజువు లేదు. కడుపునొప్పి అయితే రోగినే పడుకుని తన చేత్తో నాలుగు మూలలూ నొక్కమని ముఖకవళికలు చూడండి. ఒంటికాలి మీద గెంతమంటే నొప్పికి గెంతలేని మనిషి వెంటనే ఆసుపత్రికి రావాలి. మోకాలు, భుజం కదలికలు బాగానే తెలుస్తాయి, నడక చూడాలంటే కెమెరా ముందు మూడు మీటర్ల ఖాళీ కావాలి. చెవి లోపల, గుండె చప్పుడు, ఊపిరితిత్తుల శబ్దం, గడ్డ మెత్తనా గట్టినా అన్నవి మాత్రం అటువైపు పరికరం, శిక్షణ పొందిన చెయ్యి లేకుండా కుదరవు.

చర్మ సమస్యలకు లైవ్ వీడియో కంటే ఫోటోయే మెరుగు, ఎందుకంటే వీడియో కంప్రెషన్ చర్మం మీది సన్నని గీతలన్నిటినీ నునుపు చేసేస్తుంది. మూడు ఫోటోలు అడగండి. శరీరంలో ఎక్కడుందో తెలిసేలా దూరం నుంచి ఒకటి, మచ్చ చుట్టుపక్కలతో ఒకటి, పక్కన స్కేలు పెట్టి దగ్గర నుంచి ఒకటి. ఫోన్ మరీ దగ్గరికి తెస్తే ఫోకస్ పోతుంది, ఒక జానెడు దూరంలో ఉంచి జూమ్ చేయడం మంచిది. ఫ్లాష్ వద్దు. మెసేజింగ్ యాప్‌లో మామూలుగా పంపితే ఫోటో కుదించుకుపోతుంది, ఫైలుగా పంపమనాలి. ఇలా ఫోటోలు, వివరాలు ముందు పంపి డాక్టరు తీరిక చూసుకుని జవాబిచ్చే పద్ధతికి ఆర్భాటం తక్కువ, ఫలితం ఎక్కువ. రెండు వైపులా ఒకే సమయం దొరకాల్సిన పని లేదు కదా.

వీడియో విలువ ఎంతో తెలిపే ఉదాహరణ పక్షవాతం. 2008లో వచ్చిన స్ట్రోక్ డాక్ అధ్యయనంలో నిపుణుడు దూరం నుంచి రోగిని వీడియోలో చూసి, సీటీ స్కాన్ చూసి తీసుకున్న నిర్ణయం 98 శాతం సందర్భాల్లో సరైనదిగా తేలింది. ఫోన్‌లో విని మాత్రమే చెప్పినప్పుడు 82 శాతం. మెదడులోని రక్తపు గడ్డ కరిగించే మందుకు నాలుగున్నర గంటల గడువుంది కాబట్టి ఆ తేడా ఒక మనిషి కాలూ చెయ్యీ. కానీ ఇది రోగి ఇంట్లో ఉండి చేసేది కాదు. సీటీ ఉన్న ఆసుపత్రిలో, పక్కన వైద్య సిబ్బంది ఉండి, నిపుణుడొక్కరే దూరంలో ఉన్నప్పుడు చేసేది. ఇంటినుంచి చేసే కాల్‌ను దీంతో కలిపేయకండి.

ఇంట్లోంచి కాల్ వస్తే వీడియో కన్సల్టేషన్‌కు తీసుకోకుండా నేరుగా అత్యవసర విభాగానికి పంపాల్సినవి రిసెప్షన్‌లో గోడకు అంటించి ఉండాలి: ఛాతీ నొప్పి, హఠాత్తుగా ఆయాసం, మూతి వంకర పోవడం లేదా ఒకవైపు పట్టు తప్పడం, ఎప్పుడూ లేనంత తలనొప్పి ఒక్కసారిగా రావడం, చూపు హఠాత్తుగా తగ్గడం, మూడు నెలల లోపు పసిబిడ్డకు 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం, గర్భిణికి రక్తస్రావం లేదా బీపీ 160/110 చేరడం. మగపిల్లల్లో వృషణం హఠాత్తుగా నొప్పి పెడితే మెలిక పడి ఉండొచ్చు, ఆరు గంటల్లో సరిచేయకపోతే అది దక్కకపోవచ్చు. సిగ్గుతో ‘కడుపునొప్పి’ అని చెబుతారు కాబట్టి అడిగి తెలుసుకోవాలి. స్మార్ట్‌వాచ్ ఈసీజీ నార్మల్ అని చూపించినా ఛాతీ నొప్పికి అది జవాబు కాదు. వాచ్ తీసే ఒక్క లీడ్‌తో (ఒకే కోణంలో తీసిన గీతతో) గుండె లయ తప్పడం తెలుస్తుంది, గుండెపోటు లేదని చెప్పలేం.

యాంటీబయోటిక్స్ ఇంకో బలహీనత. 2019లో పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చిన అమెరికా అధ్యయనంలో శ్వాస సంబంధ ఇన్‌ఫెక్షన్లకు, పిల్లలను ఎరగని టెలీమెడిసిన్ కంపెనీల డాక్టర్లు వీడియోలో చూసిన కాల్స్‌లో 52 శాతం సార్లు యాంటీబయోటిక్ రాశారు. అపాయింట్‌మెంట్ లేకుండా వెళ్లే అర్జంట్ కేర్ క్లినిక్‌లలో అది 42 శాతం, పిల్లల్ని ఎప్పుడూ చూసే సొంత డాక్టరు దగ్గర 31 శాతం. చెవిలోకి చూడలేనప్పుడు, మళ్లీ కనిపిస్తారో లేదో తెలియనప్పుడు ‘ఎందుకైనా మంచిది’ అని రాసేయడం తేలిక. దీనికి మందు, కాల్ ముగించే పద్ధతిలో ఉంది. ఏ లక్షణం, ఎన్ని గంటల్లో, ఏం చేయాలి అన్న మూడూ ఒకే వాక్యంలో చెప్పాలి: ‘రేపు సాయంత్రానికి జ్వరం తగ్గకపోయినా, చెవి నుంచి చీము వచ్చినా క్లినిక్‌కు తీసుకురండి, నా పేరు చెబితే ఆగాల్సిన పనిలేదు.’ రోగితో తిరిగి చెప్పించుకుని, అదే వాక్యం మెసేజ్‌గా పంపండి.

గోప్యత గురించి యాప్ ఎన్‌క్రిప్షన్ ఒక్కటే చూస్తారు, గది చూడరు. ఇంట్లో వేధింపులు, గర్భం, మానసిక సమస్య మాట్లాడేటప్పుడు పక్కన ఎవరో ఉండి రోగి నోరు విప్పలేకపోవచ్చు. ఇయర్‌ఫోన్లు పెట్టుకోమని, అవును, కాదు అంటే చాలనిపించే ప్రశ్నలు వేయండి. అనుమానం మిగిలితే నేరుగా రమ్మనడానికి ఏదో ఒక వైద్య కారణం చెప్పడం తప్పు కాదు. వినికిడి తక్కువున్నవారికి క్యాప్షన్లు, స్మార్ట్‌ఫోన్ లేనివారికి మామూలు ఫోన్ కాల్ ఎప్పటికీ ఉంచాలి. వీడియోకే పరిమితం చేస్తే వైద్యం అత్యవసరమైన వృద్ధులే ముందు జారిపోతారు.

రాబోయే కాలంలో అందరూ మాట్లాడేది రోబో సర్జరీ. 2001 సెప్టెంబర్ 7న న్యూయార్క్‌లో కూర్చున్న ఫ్రెంచి సర్జన్ జాక్ మారెస్కో బృందం ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఉన్న రోగికి పిత్తాశయం తీసేశారు. అది గొప్ప ఘనతే, కానీ ఎక్కువమందికి అందేది ఆ దారిలో రాదని నా అభిప్రాయం. డాక్టరు నుంచి డాక్టరుకు సాగే టెలీహెల్త్ మీద నాకు ఎక్కువ ఆశ. 2003లో అమెరికాలోని న్యూ మెక్సికోలో డాక్టర్ సంజీవ్ అరోరా మొదలుపెట్టిన ప్రాజెక్ట్ ఎకోలో హెపటైటిస్ సి (కాలేయానికి వచ్చే వైరస్ జబ్బు) రోగుల్ని నిపుణుడు వీడియోలో చూడలేదు. పల్లెల్లోని డాక్టర్లతో వారం వారం వీడియోలో కూర్చుని కేసులు చర్చించారు, చికిత్స వాళ్లే చేశారు. 2011లో వచ్చిన ఫలితాల్లో విశ్వవిద్యాలయ క్లినిక్‌లో జబ్బు నయమైనవారు 57.5 శాతం, పల్లె డాక్టర్ల దగ్గర 58.2 శాతం. ఆ నైపుణ్యం కాల్ ముగిశాక కూడా ఆ ఊళ్లోనే ఉండిపోయింది.

కృత్రిమ మేధ ఇప్పటికే వచ్చేసింది. కంటి రెటీనా ఫోటో చూసి డయాబెటిక్ రెటినోపతిని (షుగర్ వల్ల రెటీనా దెబ్బతినడాన్ని) డాక్టరు లేకుండా గుర్తించే ఐడీఎక్స్ డీఆర్ అనే సాఫ్ట్‌వేర్‌కు 2018లోనే ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది. దగ్గరలో మీకు ఉపయోగపడేది కాల్ విని నోట్ రాసే సాఫ్ట్‌వేర్. సంతకం పెట్టే ముందు నాలుగు చోట్ల కళ్లు పెట్టి చదవండి: మందు పేరు, మోతాదు, కుడి ఎడమ, ‘లేదు’ అన్న మాట. ఛాతీ నొప్పి లేదన్నది ఉందని పడితే తర్వాత చదివే డాక్టరు దాన్నే నమ్ముతారు.

మొదలుపెట్టేది మాత్రం చిన్నగా పెట్టండి. మీకు ముందే తెలిసిన, క్లినిక్‌లో ఒకసారైనా చూసిన బీపీ రోగుల్లో ఇరవై ముప్పై మందిని తీసుకోండి. వారానికి రెండు పూటలు వీడియోకే కేటాయించండి, ఓపీ మధ్యలో ఇరికిస్తే రెండూ ఆలస్యమవుతాయి. ఒక నర్సుకు రోజులో గంట ఇదే పని ఇవ్వండి. మూడు నెలలు నాలుగు లెక్కలు రాసుకోండి: ఎన్ని కాల్స్ కలవలేదు, ఎంతమందిని వీడియో తర్వాత మళ్లీ నేరుగా రమ్మనాల్సి వచ్చింది, హద్దు దాటిన రీడింగుకు ఎన్ని గంటల్లో జవాబు వెళ్లింది, ఎంతమందికి బీపీ అదుపులోకి వచ్చింది. నేరుగా రమ్మనడం మూడో వంతు దాటుతుంటే రోగుల ఎంపికలో పొరపాటుందని అర్థం. జవాబు ఒక రోజు దాటుతుంటే ఇంకొక్క రోగిని కూడా చేర్చకండి, ముందు మనిషిని పెట్టుకోండి.